ఆ ఒక్క వాక్యాన్నే గోడకెక్కించకండి

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు పిల్లలకు పాఠం చెప్పే మాస్టర్లకు, టీచరమ్మలకు, ఊరి గ్రంథాలయాలు చూసుకునే పెద్దలకు నమస్కారం.

ఒక చార్టు గురించి ఈ ఉత్తరం. మధ్యలో అన్నె ఫ్రాంక్ బొమ్మ, కింద మనుషులు మనసు లోపల మంచివాళ్లేనన్న మాట, చుట్టూ స్కెచ్‌పెన్ను పువ్వులు. చార్టు మీద మాకు కోపం లేదు. దాన్ని అతికించి, చప్పట్లు కొట్టించి, పాఠం అయిపోయిందనుకోవడం మీదే మా పేచీ. ఈసారి జూలై 15 నుంచి ఆగస్టు 4 దాకా ఇరవై రోజులు, రోజుకి పావుగంట చొప్పున ఇవ్వగలిగితే పాఠం ఇంకోలా చెప్పొచ్చు. అదెలాగో రాస్తున్నాం.

ముందు పేరు. అన్నె అని పలికించండి. ఆనీ కాదు, యాన్ కాదు. పుట్టింది జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, 1929 జూన్ 12న. వాళ్లు యూదులు. హిట్లర్ వచ్చాక ఇంటిల్లిపాదీ హాలెండు చేరారు. హిట్లర్ సేన అక్కడికీ వచ్చి యూదుల్ని పట్టి చంపే క్యాంపులకు తోలుతుంటే దాక్కున్నారు. చార్టు మీది మాట, దాక్కున్నప్పుడు ఆ పిల్ల రాసుకున్న డైరీలోది. ఆ పిల్ల ఇంట్లో జర్మన్ విని, బడిలో డచ్చి నేర్చి, డైరీ డచ్చిలో రాసింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన మన పిల్లలకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు, సగం దూరం తగ్గిపోతుంది. మన జిల్లాల్లో తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం ఒడియాలోనే కూడబలుక్కుంటారు. కాబట్టి ఏ చార్టు రాసినా రెండు లిపుల్లోనూ రాయించండి. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు పనిగట్టుకుని ఆ భాష నేర్చుకున్న పర్లాకిమిడి మన దగ్గరే ఉంది. లిపి గురించి మొహమాటపడకండి.

ఇక ఆ వాక్యం. 1944 జూలై 15న రాసింది. అప్పటికి ఆ అమ్మాయి దాక్కుని, వీధి గుమ్మం దాటక రెండేళ్ల తొమ్మిది రోజులు. ఆగస్టు 4న పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. అదే పుటలో, ఆ మాటకు ఆనుకునే, లోకం కొంచెం కొంచెంగా ఎడారి అయిపోతోందనీ, తమ ప్రాణాలూ తీసే ఉరుము దగ్గరవుతోందనీ ఉంది. అంతకు పది వారాల ముందు, మే 3న, యుద్ధానికి నాయకులూ డబ్బున్నవాళ్లే కారణం కాదని రాసుకుంది. మామూలు మనిషికీ అందులో పాలుందనీ, చంపాలి, నాశనం చేయాలి అన్న కసి మనుషుల్లో ఉందనీ రాసింది. రాసింది అదే చెయ్యి. మే నాటి మాట తెలిసే జూలై మాట అంది.

మరి ఒక్క మాటే ఎలా మిగిలింది? 1955లో ఆ డైరీ మీద న్యూయార్క్‌లో ఆడిన నాటకం దాన్ని తెర పడే ముందుకు తెచ్చింది. చూసినవాళ్లు కళ్లు తుడుచుకుని ఇంటికెళ్లారు. అక్కణ్ణుంచి అది క్యాలెండర్లకీ, మన గోడలకీ పాకింది. డైరీలో అది చివరి మాట కాదు. చివరి పుట ఆగస్టు 1ది. అందుకని మూడు చార్టులు రాయించండి: మే 3 మాట, జూలై 15 మాట, అదే రోజు ఉరుము మాట. మూడింటికీ ఒకే సైజు అక్షరాలు, ఒకే రంగు. స్కేలు పెట్టి గీతలు కొట్టకపోతే పిల్లలు మంచి మాటను పెద్దగా రాసి, మిగతా రెండూ మూలకి నొక్కేస్తారు. పెద్దవాళ్లమూ చేసేది అదే.

ఎవర్ని చూసి ఆ అమ్మాయి అంత మాట అనగలిగిందో తర్వాత చూపించాలి. దీనికి తెలుగు పీరియడ్ చాలదు, లెక్కల మాస్టారు కావాలి.

దాక్కున్నవాళ్లు ఎనిమిది మంది. ఫ్రాంకులు నలుగురు, వాన్ పెల్స్ వాళ్లు ముగ్గురు, 1942 నవంబరులో వచ్చి చేరిన పళ్ల డాక్టరు ఒకరు. చోటు ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ గట్టున 263వ నంబరు ఇంటి వెనకభాగం. ముందుభాగంలో అన్నె తండ్రి ఓటో వ్యాపారం: జామ్ గడ్డకట్టడానికి వేసే పెక్టిన్, మసాలా దినుసులు. కింద గోడౌను. పైకి తిండి మోసింది ఆ ఆఫీసు మనుషులే. మీప్ గీస్, బెప్ వోస్కౌల్, క్లైమన్, కుగ్లర్. వాళ్లకు తోడు మీప్ భర్త యాన్, బెప్ తండ్రి యోహాన్. ఈ పేర్లు బోర్డు మీద రాయండి. అన్నె పేరు వచ్చిన పిల్లలకు ఈ పేర్లు రావు, అదే అసలు లోటు.

యుద్ధంలో హాలెండులో తిండి రేషన్ మీద. దాక్కున్నవాడు కార్డు తెచ్చుకోవాలంటే ఆఫీసులో కనబడాలి. కనబడితే రైలెక్కించేస్తారు. రహస్యంగా పనిచేసే మనుషుల ద్వారా యాన్ కార్డులూ కూపన్లూ సంపాదించేవాడు. 1944 మార్చి 14 నాటి పుటలో ఒక కబురుంది. కూపన్లు ఇచ్చేవాళ్లు పట్టుబడ్డారు, ఐదు కార్డులే మిగిలాయి. నోళ్లు ఎనిమిది.

రేషన్ అంటే ఏమిటో మన పిల్లలకు వివరించక్కర్లేదు. తలకు నెలకి ఐదు కిలోలు, డీలరు దగ్గర వేలిముద్ర, కార్డులో పేరు లేనివాడికి గింజ లేదు. ఆ లెక్కే వేయించండి. ఐదు తలల వాటా 25 కిలోలు. ఎనిమిది మందికి పంచితే మనిషికి 3 కిలోల 125 గ్రాములు. నెలకి ముప్పై రోజులైతే రోజుకి 104 గ్రాములు. ఎనిమిది కార్డులూ ఉండి ఉంటే 167 గ్రాములు వచ్చేవి. మధ్యాహ్న భోజనం వండే అమ్మ దగ్గర త్రాసు ఉంటే తెప్పించి, రెండు స్టీలు పళ్లేల్లో బియ్యం తూచి పక్కపక్కన పెట్టండి. మాట్లాడకండి. పళ్లేలు వరసంతా తిరిగి రానివ్వండి. వేలితో గింజలు కదిపి చూస్తారు, చూడనివ్వండి. తిరిగొచ్చాక ఒక్కటే అడగండి: ఈ పళ్లేనికీ ఆ పళ్లేనికీ మధ్య తేడాని ఎవరు నింపారు, ఎలా నింపారు?

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, 104 గ్రాములే చరిత్ర అనుకుని పరీక్షలో రాసేస్తారు. అది మన రేషన్‌తో మనం వేసుకున్న లెక్క అనీ, అక్కడి తిండి రొట్టె, బంగాళాదుంప, చిక్కుడు గింజలనీ, కార్డు లెక్క వేరనీ మొదటే చెప్పేయండి. రెండోది, ఉత్సాహం ఎక్కువైన మాస్టారు ‘ఇవాళ మనమూ ఇంతే తిందాం’ అంటారు. వద్దు. ఆ ఒక్క పూట భోజనం కోసమే బడికొచ్చే పిల్లలు మీ వరసలో ఉంటారు. తూచిన బియ్యం తిరిగి డబ్బాలో పోయించండి.

తేడాని నింపినవాళ్లలో ఒకాయన మీద కనీసం రెండు రోజులు ఉండండి. పేరు హెండ్రిక్ వాన్ హూవె. దగ్గర వీధిలో కూరగాయల కొట్టు. ఇద్దరే ఉన్న ఇంటికి ఎవరూ కొననన్ని కూరలు మీప్ రోజూ కొంటుంటే, ఎవరికని ఆయన అడగలేదు. ఆమె కోసం విడిగా తీసి పెట్టేవాడు. 1944 ఏప్రిల్‌లో ఆఫీసులో దొంగలు పడ్డారు. తలుపుకి పడ్డ కన్నం ఆయన కంట పడింది. పోలీసులకు చెప్పడం ఎవరైనా చేసే పని. లోపల ఎవరో ఉన్నారని ఆయనకు అనుమానం, అందుకని చెప్పలేదు. మర్నాడు యాన్‌తో ఆ ముక్క అనేసి ఊరుకున్నాడు. మే 25న ఆయన్నే పట్టుకుపోయారు, తన ఇంట్లో ఇద్దరు యూదుల్ని దాచినందుకు. ఆ రోజు పుటలో కొట్టాయన అరెస్టు పక్కనే వంటింటి లెక్క ఉంటుంది: ఇక పొద్దుటి తిండి మానేయాలి, కూరలు వారానికి ఒకటి రెండుసార్లు దొరికితే దొరికినట్టు. క్యాంపుల పాలై కూడా ఆయన ప్రాణాలతో తిరిగొచ్చాడు. ఆఫీసు వెనక ఎవరో ఉన్నారన్న అనుమానం ఉన్నా, ఎక్కడా నోరు విప్పలేదు.

మంచితనం అనగానే పిల్లలకు సినిమా హీరో గుర్తొస్తాడు. నోరు మూసుకోవడం, సంచీలో ఒక కిలో ఎక్కువ వేయడం, అడక్కపోవడం వాళ్ల లెక్కలో రావు. వాళ్లకు తెలిసిన కిరాణా కొట్టు బల్ల మీద ఈ కథ పెట్టి చెప్పండి, వస్తాయి. దాక్కున్నవాళ్లు తమకు బరువైపోయారన్న మాట ఈ సాయం చేసినవాళ్లు ఒక్కసారి కూడా అనలేదని అన్నె రాసుకుంది. జూలై 15 మాట వెనక ఉన్న సరుకు ఇదీ.

మీప్ గురించి ఇంకొక్క మాట. ఆమె పుట్టింది వియన్నాలో, 1909లో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తిండి లేక బక్కచిక్కిన పిల్లల్ని హాలెండుకి రైళ్లలో పంపారు, నాలుగు మెతుకులు తిని కోలుకుంటారని. పదకొండేళ్ల మీప్ అలా వచ్చి, ముక్కూ మొహం తెలియని ఇంట్లో పెరిగింది. అరెస్టు రోజు సాయంత్రం నేల మీద చిందరవందరగా పడ్డ కాగితాలు ఏరి, చదవకుండా సొరుగులో పెట్టింది ఆమే. తర్వాత పోలీసు ఆఫీసుకే వెళ్లి డబ్బిచ్చి విడిపించుకోవచ్చేమోనని చూసింది కూడా. కుదరలేదు.

ఎదుటి పక్క దాచకండి. అదే దేశంలో 1943లో, దాక్కున్న యూదుణ్ణి పట్టిస్తే తలకి ఏడున్నర గిల్డర్లు (అక్కడి డబ్బు) బహుమానం. అదే ఉద్యోగంగా తిరిగిన ఒక ముఠా కొన్ని నెలల్లో వేలమందిని అప్పగించింది. హాలెండులో ఉన్న యూదులు దాదాపు 1,40,000. క్యాంపులకు తోలింది 1,07,000 మందిని. తిరిగొచ్చింది సుమారు 5,000. దాక్కున్నవాళ్లు పాతికవేలకు పైన; వాళ్లలో మూడోవంతు దాకా పట్టుబడ్డారు. మిగతావాళ్లు బతికారంటే ఒక్కొక్కరి వెనక ఒక కొట్టాయనో, ఒక టైపిస్టో ఉన్నట్టే. ఈ అంకెలు బోర్డు మీద రాశాక కాసేపు అలా ఉంచండి. వెంటనే తుడిచేసి ఆశ గురించి పద్యం చదివించకండి.

ఎవరు పట్టించారు? పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఇవాళ్టికీ తేలలేదు. అసలు ఎవరైనా చెప్పారో, మరేదో తనిఖీలో బయటపడిందో కూడా రుజువు కాలేదు. ఇంటర్నెట్‌లో ఒకటి రెండు పేర్లు తిరుగుతుంటాయి, వాటిని బడిలోకి రానివ్వకండి.

ఇప్పుడు లోపలి రోజు. పొద్దున్న ఎనిమిదిన్నరకి గోడౌన్ పనివాళ్లు వచ్చేవారు, సాయంత్రం ఐదున్నరకి వెళ్లేవారు. బెప్ తండ్రికి తప్ప, వాళ్లలో మిగతావాళ్లకి పైన మనుషులున్న సంగతి తెలియదు. పొద్దున్న ఆఫీసువాళ్లు వచ్చేదాకా నడక లేదు, కుళాయి తిప్పడం లేదు, మరుగుదొడ్డిలో నీళ్లు వదలడం లేదు. ఆ తర్వాతా సాయంత్రం దాకా చప్పుడు కాకుండా మసలాలి. పన్నెండున్నరకి పనివాళ్లు భోజనానికి పోతే ఆఫీసువాళ్లు పైకొచ్చేవారు, ఊరి కబుర్లు, రేడియోలో బీబీసీ. పిల్లలు ముగ్గురికీ చదువు ఆగలేదు. బెప్ పేరు మీద పోస్టులో షార్ట్‌హ్యాండ్ పాఠాలు తెప్పించుకున్నారు. ప్రతి శనివారం మీప్ లైబ్రరీ నుంచి ఐదు పుస్తకాలు తెచ్చేది. వాళ్ల ఆశ మనోబలం ఒక్కదాంతో నిలబడలేదు. శనివారానికి శనివారం, పాఠానికి పాఠం, ఎవరో ఒకరు మెట్లెక్కి మోసుకొస్తే నిలబడింది.

నవ్వొచ్చే ముక్కలు కూడా చెప్పండి, లేకపోతే వాళ్లు మనుషులుగా కనబడరు. రహస్య గుమ్మానికి అడ్డంగా బెప్ తండ్రి మడతబందులు వేసి, తలుపులా తిరిగే పుస్తకాల అర చేశాడు. దానికి కారణం చెప్తే పిల్లలు నోరు వెళ్లబెడతారు: అప్పట్లో పోలీసులు దాచిపెట్టిన సైకిళ్ల కోసం ఇళ్లు సోదా చేస్తున్నారు. అర పెట్టాక కిందికి దిగాలంటే వంగి దూకాలి. మూడు రోజుల్లో అందరి నుదుళ్లకీ బొప్పిలు కట్టాయి. పీటర్ అనే కుర్రాడు తువ్వాల్లో చెక్కపొట్టు కూరి ద్వారబంధానికి మేకులతో కొట్టాడు.

ఇంకొకటి కళ్లకి కనబడేలా చేయొచ్చు. గోడ మీద పెన్సిలుతో పిల్లల ఎత్తు గుర్తులు పెట్టేవారు. దాక్కున్న కాలంలో అన్నె 13 సెంటీమీటర్ల పైన పెరిగింది. మీ తరగతి గోడ మీద పదమూడేళ్ల అమ్మాయి ఎత్తున ఒక గీత, దానికి 13 సెంటీమీటర్ల పైన ఇంకో గీత గీయించండి. పేరు రాయొద్దు, తేదీలు చాలు: 1942 జూలై, 1944 జూలై. రోజూ ఎవరో ఒకరు వెళ్లి వీపు ఆనించి చూసుకుంటారు. ఏ చార్టూ చేయని పని ఆ రెండు గీతలు చేస్తాయి.

చేయకూడనివి కొన్ని. పిల్లలతో పోలీసు వేషం, యూదు వేషం వేయించకండి. చీకటి గదిలో కూర్చోబెట్టి ‘ఇప్పుడు తెలిసిందా’ అనకండి. వాళ్లకి తెలిసేది ఆట. పోలీసు వేషం కోసం కొట్టుకుంటారు, అంతే. క్యాంపుల్లో శవాల ఫొటోలు చూపించకండి. చూసిన పిల్ల రాత్రి నిద్రపోదు, నేర్చుకునేదీ ఏమీ ఉండదు. చివరికి ఏమైందో మాత్రం దాటవేయకండి. ఆ ఎనిమిది మందినీ 1944 సెప్టెంబరు 3న బయల్దేరిన రైల్లో ఆష్‌విట్జ్‌కి తోలారు. అన్నె, అక్క మార్గో తర్వాత బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో జబ్బుపడి 1945 తొలి నెలల్లో పోయారు. ఏప్రిల్ 15న ఆ క్యాంపుకి విముక్తి. తిరిగొచ్చింది తండ్రి ఒక్కడే. ఈ నాలుగు ముక్కలూ మామూలు గొంతుతో చెప్పండి. గొంతు వణికిస్తే పిల్లలు మిమ్మల్ని చూస్తారు, ఆ సంగతి వినరు.

మరో జాగ్రత్త మన నేలకి సంబంధించింది. పక్క జిల్లా కంధమాల్‌లో 2008 మత అల్లర్లలో ఇళ్లు కాలి, శిబిరాల్లో తలదాచుకున్న కుటుంబాలున్నాయి. అలాంటి ఇంటి పిల్ల మీ తరగతిలో ఉండొచ్చు. లేపి ‘మీ ఇంట్లో ఏమైందో చెప్పు’ అనకండి. తనంతట తాను చెబితే వినండి. ఎవరు మంచి మతం, ఎవరు చెడ్డ మతం అనే వాదన మొదలైతే, కొట్టాయన కథకి తిరిగి రండి.

పెద్ద తరగతుల పిల్లలకైతే కాలపట్టికలో 1942కి పక్కనే మన వరస ఒకటి గీయించండి. మన వైపు పాత ఇళ్లల్లో ‘రంగం’ అన్న మాట ఇంకా వినబడుతుంది. బర్మాలోని రంగూన్‌కి కూలికి, రేవు పనికి, మిల్లులకి వెళ్లినవాళ్ల వల్ల వచ్చిన మాట. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్లు వేలల్లో. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ జూలై 6న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రాంకులు వానలో నడిచి దాక్కునే చోటికి చేరారు. రెండూ ఒకటి కాదని గట్టిగా చెప్పండి. అది యుద్ధం తరిమిన నడక, ఇది పుట్టుకని బట్టి వెతికి చంపడం. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే: మధ్యలో ఎవరు ఏం చేశారు? బర్మా దారిలో తెల్లవాళ్లకో బాట, నల్లవాళ్లకో బాట అని అప్పుడే గొడవైంది. ఆ దారిలోనే అస్సాం తేయాకు తోటల సంఘం శిబిరాలు పెట్టి టీ, అన్నం అందించింది. ఇంట్లో తాతమ్మలు చెప్పిన రంగం కబురు ఏదైనా ఉంటే, పిల్లలు ఒక పేజీలో రాసుకు రావొచ్చు. లేకపోతే కల్పించి రాయమనకండి.

ఇక గ్రంథాలయాల పెద్దలకు. ఫొటోకి దండ, మైకు, ముఖ్య అతిథి ఏవీ అక్కర్లేదు. ఒక గుడ్డ సంచీ కావాలి. మంచం పట్టిన పెద్దాయనో, కాలు విరిగిన కుర్రాడో, బడి మానేసి ఇంట్లో ఉన్న ఆడపిల్లో, లైబ్రరీకి రాలేని ఒక్క మనిషిని చూసుకోండి. శనివారం ఐదు పుస్తకాలు పంపండి, మరుసటి శనివారం అవి తెచ్చి వేరే ఐదు ఇవ్వండి. మోసేవాడు ఒక్కడే ఉంటే మూడో వారానికి మానేస్తాడు, ఇద్దర్ని పెట్టండి. రిజిస్టరులో తేదీ, ఇల్లు, పుస్తకాలు, ఆఖర్న ‘వచ్చేవారం ఏం కావాలన్నారు’ అని ఒక గడి గీయండి. ఆ గడి ఖాళీగా ఉంటే మీకు నచ్చినవి మీరు పంపుతున్నట్టు. నీతి పుస్తకాలు అడక్కుండా పంపకండి. సినిమా పత్రిక అడిగితే అదే పంపండి. కుగ్లర్ అన్నెకి సోమవారం సోమవారం తెచ్చిచ్చింది సినిమా పత్రికే. తెలుగు పుస్తకాలు ఐదు దొరక్కపోతే మూడు తెలుగు, రెండు ఒడియా. సంచీ ఇచ్చేటప్పుడు ఫోన్‌తో ఫొటో తీయొద్దు.

మొదటి సంచీ ఆగస్టు 4 దాటాక వచ్చే శనివారం వెళ్తే బాగుంటుంది. వానలు దంచే రోజులు కాబట్టి పుస్తకాలు ముందు పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ తర్వాత సంచీలో పెట్టండి.

ఇట్లు,
బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు పాఠకులు కొందరం